‘లీవ్ ఇట్’ అని నేను అరిచిన రోజు

నాకు ముక్కు మీద కోపం. రబ్బరు ఫ్యాక్టరీలో చేరేటప్పుడు మాత్రం, ట్రయల్ పీరియడ్ అయ్యేదాకా ఆ కోపాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్లాలని ఒట్టు పెట్టుకున్నాను. పెళ్లయి అమెరికా వచ్చి, పాపను పెంచి, వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి నా కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి బూజు పట్టింది. ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లినా ‘ఇన్నేళ్ల గ్యాప్ ఏమిటి’ అనే అడిగారు. అడగకుండా తీసుకున్నది ఈ ఒక్క ఫ్యాక్టరీవాళ్లే.

అల్ఫారెట్టాలో మా వీధి వీధంతా ఐటీ. ఒక బర్త్‌డే పార్టీలో ఒకావిడ పలకరించింది.

“జాబ్‌లో జాయిన్ అయ్యారటగా, దేని మీద వర్క్ చేస్తున్నారండీ?”

“సిలికోన్ మీదండీ.”

“అబ్బో, సిలికాన్ వ్యాలీ కంపెనీయా! అయితే రిమోటే కదా?”

“కాదండీ, రబ్బరు ఫ్యాక్టరీ. డైలీ డ్రైవ్ చేసి వెళ్తాను” అన్నాను. ఆవిడ ముఖంలో వెలుగు తగ్గింది. నాకు ఒళ్లు మండింది గానీ కేకు ముక్క నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.

ఫ్యాక్టరీలో నా పని చెప్పుకోవడానికి చిన్నదే. ప్రెస్ అనే మెషిన్‌లో ఉక్కు అచ్చును బాగా వేడిచేసి అందులోకి రబ్బరును నొక్కుతారు. లోపలే అది ఉడికి గట్టిపడుతుంది. అచ్చుకు అంటుకోకుండా ముందుగా సిలికోన్ కలిపిన పాలలాంటి మందు స్ప్రే చేస్తారు. దాన్ని రిలీజ్ ఏజెంట్ అంటారు. అందులో నీళ్లెంత, మందెంత అని చూడటమే నా ఉద్యోగం. ఆ మందు ఎక్కడ పడితే అక్కడ జారుడే. నా షూ అడుగున అంటుకొచ్చిన దానివల్ల మా ఆయన వంటింటి టైల్స్ మీద జారి, ఫ్రిజ్ పట్టుకుని నిలబడ్డారు. “ఇంటిని కూడా రిలీజ్ చేస్తావా ఏమిటి?” అన్నారు.

అప్పట్లో కార్ల స్టీరింగ్ దగ్గర దుమ్ము చేరకుండా వేసే రబ్బరు తొడుగులు చేస్తున్నాం. సాగదీస్తే చాలు, మధ్యలో గీత వెంట చీలిపోతున్నాయి. అచ్చులో రెండు వైపుల నుంచీ వచ్చిన రబ్బరు కలిసి అతుక్కోవాల్సిన చోటు అది. మందులో నీళ్లు పెంచాను, తగ్గించాను. చీలడం ఆగలేదు. నా ట్రయల్ శుక్రవారంతో అయిపోతుంది. “ఈ పార్ట్ సంగతి తేలకపోతే నిన్ను ఉంచమని పైవాళ్లకు నేను చెప్పలేను” అన్నాడు సూపర్‌వైజర్, పాపం మొహమాటపడుతూనే. ఈ ఉద్యోగం పోతే ఇంకో ఇంటర్వ్యూకి వెళ్లే ధైర్యం నాకు లేదు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ప్రెస్ మీద ఉన్నది నాకంటే పెద్దావిడ. పని చేస్తున్నంతసేపూ చర్చి పాటలు కూనిరాగం తీస్తూ ఉంటుంది. రబ్బరు ఎక్కడ అంటుకుపోతుందోనని భయం కాబోలు, స్ప్రే గన్ ట్రిగ్గర్ నొక్కిపట్టి, మొక్కలకు నీళ్లు పెట్టినట్టు మందు కొడుతోంది. నేను అటు వైపు ఇంకో ప్రెస్ దగ్గరున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆ చప్పుడులో గొంతు చించుకుని అరిచాను.

“లీవ్ ఇట్! లీవ్ ఇట్!”

ట్రిగ్గర్ వదిలెయ్యమని నా ఉద్దేశం. మనకు చెయ్యి వదలాలన్నా, ఊరు వదలాలన్నా, చెప్పులు వదలాలన్నా ఒకటే మాట. ఇంగ్లీషులో అలా కుదరదు. లీవ్ ఇట్ అంటే ‘దాని జోలికి పోకు’ అని అర్థం. ఆవిడ బుద్ధిగా గన్ తీసి కొక్కేనికి తగిలించింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో సూపర్‌వైజర్ పిలిస్తే మీటింగ్‌కి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గన్ ఆ కొక్కేనికే ఉంది. ప్రెస్ మాత్రం నడుస్తూనే ఉంది.

“స్ప్రే చెయ్యడం లేదా?” అన్నాను.

“నువ్వేగా హనీ, లీవ్ ఇట్ అన్నావు. ముట్టుకోలేదు” అంది ఆవిడ.

అరికాలి మంట నెత్తికెక్కింది. మందు లేకుండా రబ్బరు అచ్చుకు కరుచుకుపోతే గీకడానికే ఒక రోజు పడుతుంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని ఏడుపొచ్చింది. డబ్బాలోంచి పైనున్న తొడుగు ఒకటి తీసి కసిగా లాగాను. చీలలేదు. ఇంకొకటి లాగాను. అదీ చీలలేదు. డబ్బా అడుక్కి చెయ్యి పెట్టి, మందు ఆపక ముందువి తీసి లాగితే గీత వెంట రెండు ముక్కలయ్యాయి.

అప్పుడు వెలిగింది. ఇనప పెనం పదునెక్కాక దోసె దోసెకీ నూనె గుమ్మరిస్తామా? గుమ్మరిస్తే పిండి పట్టు చిక్కక జారిపోతుంది. ఈ అచ్చుకు కూడా సిలికోన్ ఎప్పుడో పట్టి ఉంది. మేం ఆపైన పోసిందంతా రబ్బరుకూ రబ్బరుకూ మధ్య చేరి, వాటిని కలవనివ్వడం లేదు. రోజూ దోసెలు పోసే నాకు, మందు పాళ్లు మార్చాలని తట్టింది గానీ, అసలు కొట్టకుండా చూద్దామని తట్టలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేస్తూ “నువ్వు బంగారం!” అన్నాను. తెలుగులోనే అన్నాను. ఈసారి సరిగ్గానే అర్థమైనట్టుంది, నవ్వింది.

ఆవిడను అలాగే నడపమన్నాను. రబ్బరు కాస్త పట్టుకుంటున్నట్టు అనిపించినప్పుడు మాత్రం పల్చగా ఒకసారి కొట్టింది. సాయంత్రం దాకా ఒక్కటీ చీలలేదు.

షిఫ్ట్ అయ్యాక సూపర్‌వైజర్ వచ్చాడు. ఒక తొడుగు తీసుకుని రెండు చేతులా సాగదీశాడు, మెలితిప్పాడు, కాలి కింద పెట్టి లాగాడు. జరిగింది జరిగినట్టే చెప్పాను, నా ఇంగ్లీషుతో సహా. పెద్దగా నవ్వాడు. తొడుగు జేబులో పెట్టుకుని, కోటు వేసుకుంటూ, “సీ యూ మండే” అన్నాడు.

ఆ మాట అక్కడ శుక్రవారం సాయంత్రం అందరూ అందరితో అనేదే. నాతో అంతవరకూ ఎవరూ అనలేదో, అన్నా నేను నమ్మలేదో తెలియదు. కార్‌లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. ట్రయల్ ఈ రోజుతో అయిపోతుందని దానికి తెలుసు, ఏడ్చిన నా కళ్లు చూసి భయం వేసినట్టుంది.

“అమ్మా, మండే నుంచి యూ ఆర్ హోమ్? నువ్వు ఇంట్లోనే?”

“లేదమ్మా” అన్నాను. “మండే లంచ్ బాక్స్ నువ్వే కట్టుకోవాలి.”