నల్ల స్క్రీనుకు రాహుకాలం

మా ఇంట్లో నా కంప్యూటర్‌ని అందరూ ‘ఆ నల్లది’ అంటారు. అందులో బొమ్మలుండవు, మౌసుతో పని లేదు. నల్లటి స్క్రీను మీద ఒక మాట టైపు చేసి ఎంటర్ కొడితే అది ఒక జవాబిస్తుంది, అంతే. బెంగళూరు కంపెనీకి మదనపల్లెలో, ఇంట్లోనే కూర్చుని పనిచేసేదాన్ని నేను. ఉద్యోగానికి ఎట్లాగూ ఆ స్క్రీనే కాబట్టి నా సొంత బతుకును కూడా అందులోనే సర్దుకున్నాను. మళ్ళీ చదవాలనిపించిన పేజీ కనబడితే ‘పెట్టు’ అని కొట్టి, దాని అడ్రసు అతికించి, పక్కన గుర్తుకి ఒక మాట రాస్తాను. ‘చూపు వంట’ అంటే వంట పేజీలన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. గ్యాసు బుక్ చేయడం, పాపకు టీకా, ఇస్త్రీ బట్టలు, ఏ పనైనా ఇదే పద్ధతి, పక్కన వేళ రాస్తే ఆ వేళకు మోగుతుంది కూడా. పూర్తికాగానే ‘అయింది’ అని కొడతాను. అలా కొట్టడంలో ఉండే సుఖం పండగ పాయసంలో కూడా లేదు, ఒట్టు.

బ్రౌజరులో ఎడాపెడా ట్యాబులు తెరుచుకుని కూర్చునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయనది ఆ జాతే. ఏది అడిగినా ఇక్కడే ఎక్కడో తెరిచి పెట్టానంటాడు. ఆయన వెతికేలోగా అన్నం చల్లారిపోతుంది. ఇంట్లో నా పద్ధతి నచ్చిన ఒకే ఒక్క మనిషి మా మామ.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు. టిక్కెట్టు మిషను కూడా ఇట్లాగే ఉండేదనీ, నొక్కితే చీటీ రావాలి గానీ మధ్యలో ఈ ప్రకటనలూ రంగులూ ఎందుకనీ తీర్పు చెప్పాడు. మరుసటి రోజు నుంచి నేను కాఫీకి లేస్తే చాలు, నా కుర్చీలో ఆయన. ఒంటివేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ టైపు చేసేవాడు.

చేస్తే చేశాడు, నా గుర్తులు ఆయనకు నచ్చలేదు. వంట, ఆరోగ్యం అని రాసుకుంటే ఏం జ్ఞాపకముంటాయి, స్టేజీల పేర్లు పెట్టాలన్నాడు. స్టేజీ అంటే బస్సు ఆగే ఊరు. వానలూ మెట్టపంటల సంగతులూ పెద్దమండ్యం. చూడదగ్గ చోట్లు గుర్రంకొండ, కోట ఉంది కాబట్టి. పాడి ఆవులు చౌడేపల్లె. పుంగనూరు అంటే మాత్రం ఆయన కూతురు, మా ఆడబిడ్డ. ఆమెను ఆ ఊరికే ఇచ్చారు. ఆమెకు సంబంధించిన ప్రతి లింకూ, ప్రతి పనీ ఆ పేరు కిందికే పోవాలి. ఇది నా కంప్యూటరా, బస్‌స్టాండా అని నేను ఎగిరాను. ఆయన ఎప్పట్లాగే విననట్టు తర్వాతి స్టేజీ పేరు టైపు చేసుకున్నాడు. నెల తిరక్కుండా నేనూ ‘చూపు చౌడేపల్లె’ అని కొడుతున్నాను, ఏం చెప్పమంటారు.

ఆ తర్వాత రాహుకాలం గొడవ వచ్చింది. రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టకూడదు, గడప దాటకూడదు. ఆ వేళకు నా స్కూటరు తాళం కూడా దాచేసేవాడు. అలాంటి మనిషి నల్లదాన్ని ఊరికే వదులుతాడా? ఏ పనైనా ఆ గంటన్నరలో పడితే దాన్ని నల్లదే అవతలికి జరపాలన్నాడు. మరి మీరు సర్వీసంతా రాహుకాలంలోనే బస్సెక్కారు కదా, ఏమైంది మామా అని గిల్లాను.

“అది గవర్నమెంటు రాహుకాలమమ్మా. ఇది మన సొంతం,” అన్నాడు.

నవ్వాపుకోలేక ఓడిపోయాను. వారంలో ఏ రోజు ఏ వేళకో ఆయన చెబుతుంటే రాసిపెట్టాను. అప్పటి నుంచి శుక్రవారం పదకొండుకని ఏదైనా పెడితే అది ‘రాహుకాలం, పన్నెండుకు జరిపాను’ అని జవాబిచ్చేది. ఆయన ముఖం వెలిగిపోయేది.

అంతలో మా ఆడబిడ్డ చదువు మాట వచ్చింది. ఇంటర్‌తో ఆగిపోయిన మనిషి. ఇద్దరు పిల్లలు, ఇంటినిండా ఆవులు. కుప్పంలో ఒక కాలేజీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు దరఖాస్తులు పిలిచింది. వయసు గడువు ఆమెకు ఈ ఏడాదితో సరి. ఈసారి తప్పితే ఇక జన్మలో లేదు. ఆమె భర్త ఆవుల సంగతి నేను చూసుకుంటానన్నాడు. సర్టిఫికెట్లు మా కంప్యూటర్లోనే ఉన్నాయి కాబట్టి సీటు బుక్ చేసే పని మాకు వదిలింది. మా నాయన చూసుకుంటాడు అని ఫోనులో ఎంత ధీమాగా అందో.

మామ కాలేజీ పేజీ అంతా చదివి, లింకు తనే పెట్టి, పనీ తనే పెట్టాడు. శుక్రవారం పదిన్నరకు బుకింగ్ తెరుస్తారు. నల్లది తన అలవాటు ప్రకారం పన్నెండుకు జరిపింది. ఆయన చూశాడు, సంతోషించాడు. ఆఫీసన్నాక సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, మంచి గడియలో పెడదాం అనుకున్నాడట. నాకు వేళ సంగతి తెలియదు. శుక్రవారం పొద్దున్నుంచీ మీటింగులోనే ఉన్నాను.

పన్నెండుకు నల్లది మోగింది. మామ పేజీ తెరిచాడు. సీట్లు నిండాయని ఉంది.

నేను పరిగెత్తుకొచ్చి చూశాను. సరిగ్గా అప్పుడే పుంగనూరు నుంచి ఫోను. ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తి, ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. పోనీలే వదినా, మా నాయన్ని ఏమీ అనొద్దు అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ కూర్చుని ఆ పేజీని కింది దాకా చదివాను. బుక్ చేసుకుని రానివాళ్ళ సీట్లు సోమవారం ఎనిమిదింటికి కాలేజీలోనే, ముందొచ్చినవాళ్ళకు ఇస్తారట. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఏమిటో మా ఇంట్లో పాపకు కూడా తెలుసు. ఆ మాటెత్తకుండానే ఆడబిడ్డకు ఫోను చేసి సిద్ధంగా ఉండమన్నాను. రెండు రోజులు మామ నా కుర్చీ దగ్గరికే రాలేదు.

సోమవారం తెల్లారకముందే మామా నేనూ బస్సెక్కాం. పుంగనూరులో ఆమె ఎక్కింది. ఎనిమిది కాకముందే కుప్పంలో దిగి కాలేజీకి చేరాం. వరసలో అంతా ఇంటర్ ముగిసిన పిల్లలు. వాళ్ళ నడుమ మా ఆడబిడ్డ ఫైలును గుండెకు హత్తుకుని, ముందువరసలోనే నిలబడింది. ఎనిమిదింటికి అటెండరు తలుపు తెరిచి లోపలికి రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. వెనక్కి తిరిగి తండ్రిని చూసింది.

“నాయనా, నువ్వు వొద్దంటే తొమ్మిది దాకా ఆగుతా.”

ఆగేది కూడా. అదే నా భయం. నేను అరవబోయాను. మామ వాచీ చూడలేదు. చేతిలోని సంచి నాకిచ్చి కూతురి దగ్గరికి నడిచాడు.

“యాల ఆగేది తల్లీ? ఊరోళ్ళ కోసరం దినామూ ఈ టయానికే బండి తీసినోణ్ణి, నీ బండి ఆపుతానా? పో.”

అంతటితో ఊరుకోలేదు. బస్సు పక్కరేకు మీద కొట్టినట్టు ఆఫీసు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, “రైట్, రైట్!” అన్నాడు. వరసంతా గొల్లుమంది. అటెండరు కూడా నవ్వుతూ పక్కకు జరిగాడు. ఆమె ఒక్క అంగలో లోపల పడింది.

సీటు వచ్చింది. కాగితం పట్టుకుని బయటికొచ్చిన మనిషి తండ్రి భుజం మీద తలపెట్టి నవ్వుతూనే ఏడ్చింది. ఆయన బస్‌స్టాండు దగ్గర మా ఇద్దరికీ ఇడ్లీలు పెట్టించి, తినేదాకా ఎదురుగా నిలబడ్డాడు. మాకు చాలంటే వినడే. తిరుగు ప్రయాణమంతా కండక్టరుకు, ఎవరడిగారని, కూతురి కోర్సు గురించి చెబుతూనే వచ్చాడు.

మరుసటి రోజు నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఆ రాహుకాలం లెక్క తీసేయమంటారా అని అడిగాను.

“తీసెయ్యొద్దు. ఇన్నాళ్ళకు నా చేతికొచ్చింది, ఉండనీ. పుంగనూరు అని పెడితే మాత్రం ఆపొద్దని రాయి.”

రాశాను. రెండు లైన్ల పని. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. జేబులోంచి నా స్కూటరు తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

“నీ పేరు గూడా రాయమ్మా,” అన్నాడు.

కళ్ళు తుడుచుకుని నా పేరు టైపు చేశాను.