పుట్టికి కట్టిన తెరచాప

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక మనవరాలి పుస్తకంలో తెరచాప పడవల బొమ్మలు చూశాను. ఎన్నో రకాలు. తాతల నాటి కొలతలతోనే ఇప్పటికీ చేయించుకుంటారట. అందులో వింతేముంది? మా పుట్టి కొలత కూడా మా మామ వాళ్ల తాత పెట్టిందే. కుదిరిన పడవను మార్చబోయేవాడికి నీళ్లే బుద్ధి చెబుతాయి. మా ఆయనకు చెప్పాయి.

మేము తుంగభద్ర మీద పుట్టి నడిపేవాళ్లం. వెదురు అల్లి, అడుగున బర్రె తోలు బిగించిన గుండ్రటి బుట్ట అది. డ్యాం కట్టి నీళ్లు నిలిపాక ఏరు సముద్రమైంది. ఆషాఢం గాలిలో ఆవలి ఒడ్డు చేరేసరికి మా ఆయన భుజాలు పడిపోయేవి. కాలువ కింద వరి వేయడానికి కోస్తా నుంచి వచ్చిన ఒక రైతు, తమ ఊరి వడ్రంగిని పిలిపించి నావ చేయించాడు. పొడుగు ముక్కు, తెల్లటి తెరచాప. ఒడ్డు దగ్గర బురదలో దిగి నడవాల్సి వచ్చినా సంతకు పోయే జనమంతా అటే మళ్లారు. ఇక పుట్టి బోర్లించి సండూరు కొండల్లో ఖనిజం తవ్వడానికి పోవాల్సిందేనన్నాడు మా ఆయన. నీళ్ల మీద బతికిన మనిషి ఆ ఎర్ర దుమ్ములో ఏం బతుకుతాడు?

అప్పుడు ఆయనకో ఆలోచన తట్టింది.

"గోతాలు కుట్టియ్యి. మన పుట్టికీ చాప కడతా."

"బుట్టకు చాప కడితే యాడికి పోతాది?"

"గాలి యాడికి పోతే ఆడికి. నువ్వు కుట్టు."

కుట్టాను. గాలి తగలగానే పుట్టి బొంగరమైంది. లోపలున్న ఉల్లిగడ్డల ముసలాయన కేకలు ఒడ్డుకు వినిపించాయి.

"ఏమప్పా, సంతకు తీసకపోతాండావా, రాట్నం ఎక్కించినావా? నా గడ్డలకే తల తిరగతాండాది!"

చివరికి కోస్తా రైతు నావ తెచ్చి, తాడు విసిరి, పుట్టిని లాక్కొచ్చాడు. ఒడ్డు ఇంకా దూరముండగానే ఆయన నావ అడుగు బురదలో దిగబడింది.

"చూశారాండీ? గాలికి గిర్రున తిరక్కుండా ఆపడానికి మీ పుట్టికి అడుగున దూలం లేదు. ఆ దూలం ఉండబట్టే నా నావ ఒడ్డుకి రాదు. లోతులో నేను తెస్తాను, ఇక్కణ్ణించి మీరు దింపండి. వచ్చింది పంచుకుందాం."

"దాని తోక పట్టుకోని నేను తిరగల్లా?" అంటూ మా ఆయన గోనెచాప పీకి నీళ్లలో పారేశాడు.

మరుసటి సంతనాడు నావ బురద అవతల ఆగింది. నెత్తిన గంపలతో ఆడవాళ్లు నీళ్లలోకి దిగడానికి జంకుతున్నారు. మా ఆయన అరుగు దిగలేదు. మా ఇళ్లలో ఆడది తెడ్డు ముట్టకూడదు. నేను ముట్టాను. పుట్టి నా మాట వినక, మునిగిన తుమ్మ మోళ్ల వైపు సాగింది.

"మోళ్లకు తగిలితే తోలు చినుగుతాదే! పక్కకు లాగు, పక్కకు!"

అరుస్తూనే నడుంలోతు నీళ్లలో పరిగెత్తుకొచ్చి, ఎక్కి, తెడ్డు లాక్కున్నాడు.

"ఇంటికా?" అన్నాను.

"ఆ గంపలోళ్లను ఎవురు దింపుతారు, మీ నాయనా?" అన్నాడు, నావ వైపు తెడ్డు వేస్తూ.