నా ముక్కు చెప్పిన లెక్కలు

మా అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివించబోతున్నామని తెలిసినప్పుడు, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "మరి లెక్కలెవలు చెప్తరు?" తెలుగు గురించి, సైన్సు గురించి ఒక్కరూ అడగలేదు. అవి గాలికి పెరుగుతాయనుకున్నారు కాబోలు.

మాన్పించడం వెనుక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతారు. సెకండ్ షిఫ్టు పడిన వారాల్లో పిల్ల బడి నుంచి వచ్చేలోపే ఆయన డ్యూటీకి వెళ్లిపోయేవారు. ఆయన తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. గుమ్మంలో చెప్పులు చూసి ఒకరున్నారని ఒకరు తెలుసుకునేవాళ్లు. ఒక్క ఏడాది ఇలా చేసి చూద్దామనుకుని, ఐదో తరగతి లెక్కల కోర్సొకటి ఆన్‌లైన్లో తెప్పించాను.

పుస్తకం బాగుంది. రంగు బొమ్మలు, పెద్ద అక్షరాలు. పిల్ల చకచకా చేసేస్తోంది. నేను జవాబుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. తప్పులు దాదాపు ఉండేవి కావు. నాకు ఫికర్ లేకుండా రోజులు గడుస్తున్నాయి.

అప్పుడు పెద్దపల్లి నుంచి మా ఆయన అక్క వచ్చింది. వాళ్లబ్బాయి కూడా ఐదో తరగతే. పెద్ద పేరున్న బడి. మా వదిన పుస్తకాన్ని చేత్తో పట్టుకుని, కూరగాయలు తూచినట్టు పైకీ కిందికీ ఊపింది.

"గింత అల్కగున్నదేందే?"

"బరువు చూసి కొంటరా వదినా పుస్తకం?"

"పేజీకి నాలుగే లెక్కలు. మిగిలిన జాగల ఏం చేస్తరు, ముగ్గులేస్తరా?" తర్వాత అసలు పరీక్ష పెట్టింది. "లెక్కలు చేసేటప్పుడు పిల్ల ఏడుస్తదా?"

"లేదు వదినా, పాట పాడుకుంటది."

"ఇంకేంది మరి. గవి లెక్కలే కావు. మావోడు రోజు ఏడుస్తడు."

ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది కానీ ఆ మాట మా ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు పిల్ల కూనిరాగం తీస్తూ భాగహారాలు చేస్తుంటే నాకు అనుమానం పట్టుకుంది. చవక రకం చదువు చెప్పి పిల్లను పాడు చేస్తున్నానా?

కోర్సువాళ్ల వెబ్‌సైటులో, పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో చూసే పరీక్ష ఉంది. పిల్ల రాస్తుంటే పక్కనే కూర్చున్నాను, నోరు మెదపకుండా. ఫలితం వచ్చింది: ఆరో తరగతి స్థాయికి పంపవచ్చు. ఆరో తరగతి పుస్తకం తెప్పించాను. అందులోనూ అదే వరస. పిల్ల చూపుడువేలును లెక్క కింద ఇచ్చిన మూడు నాలుగు జవాబుల మీద మెల్లగా జరుపుకుంటూ వెళ్లి సరైన దాని మీద టక్కున ఆపేది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే శుభవార్త చెప్పాను. "మన బిడ్డ మామూలు పిల్ల కాదు."

ఆయన సంతోషించలేదు. "నీ దిక్కు చూసినా, నా దిక్కు చూసినా గసొంటోళ్లెవ్వరు లేరు కదనే. ఏందో లొల్లి ఉన్నది."

ఆ లొల్లి ఏమిటో దర్జీ ఇంట్లో బయటపడింది. మా వెనక వరుసలో బట్టలు కుట్టే ఆమెను నేను ఆపా అంటాను, మా అమ్మాయి ఖాలా అంటుంది. కొత్త జాకెట్టు వేసుకుని చూసుకోవడానికి వెళ్తూ పిల్లను, పుస్తకాన్ని వెంట తీసుకెళ్లాను. ఆపా ఇంట్లో నిలువుటద్దం ఉంది. నేను అద్దం ముందు, పిల్ల నా వెనక చాప మీద. ఆపా నా నడుము దగ్గర గుండుసూదులు గుచ్చుతోంది.

"అమ్మా, మూడు బై ఏడు, రెండు బై ఐదు, నాలుగు బై తొమ్మిది. ఏది పెద్దది?" అని పిల్ల అడిగింది. అద్దంలోంచి నా మొహం చూస్తూ వేలు మొదటిదాని మీద పెట్టింది. రెండోదాని మీదికి జరిపింది. మూడోదాని మీదికి రాగానే అద్దంలో ఒకావిడ కనుబొమలు పైకి లేచాయి. ముక్కుపుటాలు పొంగాయి. ఆ ఆవిడ నేనే.

"గిదే!" అంది పిల్ల.

నేను కదలకుండా నిలబడ్డాను. ఆపా, "క్యా హువా? సూది గుచ్చుకున్నదా?" అని కంగారు పడింది.

"లేదాపా," అన్నాను. "ఇప్పటిదాంక లెక్కలన్నీ నేనే చేస్తున్ననట."

ఇంటికి వచ్చి నిలదీస్తే పిల్ల ఏమాత్రం తడబడలేదు. "నేను కావాలని చెయ్యలేదమ్మా. నీ మొహం కనవడుతది కదా. తప్పైతే నువ్వు ఊపిరి ఆపుతవ్. కరెక్టైతే నీ ముక్కు పెద్దగైతది."

"నాన్నది?"

"నాన్నకు తెల్వకపోతే మీసం గోక్కుంటడు."

కోప్పడదామనుకున్నాను కానీ నవ్వాగలేదు. మర్నాటి నుంచి జవాబుల పుస్తకం బీరువా మీదికి ఎక్కింది. నేను కిటికీ వైపు తిరిగి బీరకాయలు చెక్కుతూ కూర్చున్నాను. ఆరో తరగతి పుస్తకం ఒక్క పూటలో బోర్లా పడింది. మళ్లీ ఐదుకే వచ్చాం. అదే పుస్తకం, అవే బొమ్మలు. పేజీకి నాలుగు లెక్కలు పూటంతా పట్టసాగాయి.

ఒక లెక్క మాత్రం మా అందరికీ గుర్తుండిపోయింది. ఒక సంఖ్యలో మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ముప్ఫై అయిదు. ఆ సంఖ్య ఎంత? పిల్ల పది రకాలుగా కొట్టేసింది. పాట ఆగిపోయింది. "ఒక్కసారి ఇటు మర్రి చూడమ్మా," అని బతిమాలింది. నేను తిరగలేదు; మెడ పట్టేసింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్న నాన్నను లేపింది. ఆయన తువ్వాలు మొహమంతా కప్పుకుని, "నా మీసం అడగకు బిడ్డా," అన్నారు.

అలిగి వెళ్లి ఒక మూల కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు కిటికీ తలుపులు గలగలమన్నాయి, దానికీ తల ఎత్తలేదు. ఏడుస్తోందేమోనని నేనే ఆగలేక వెళ్లి చూశాను. ఏడవడం లేదు. కాగితం మీద పన్నెండు గళ్లు గీసుకుని, నాలుగింటికి ఎర్ర రంగు, మూడింటికి నీలం రంగు వేస్తోంది.

"ఏడు గళ్లు ముప్ఫై అయిదైతే ఒక్క గడి అయిదు," అని తనలో తనే గొణుక్కుంది. "పన్నెండయిదులు అరవై." తర్వాత అరవైలో మూడో వంతు ఇరవై, నాలుగో వంతు పదిహేను అని కలిపి చూసుకుంది. నా వైపు తల తిప్పనే లేదు.

"కరెక్టేనా?" అని నేనే అడగాల్సి వచ్చింది.

"కరెక్టే. కూడి చూసిన కదా," అని అన్నం పెట్టమంది.

ఆ వారంలో వదిన ఫోన్ చేసి, సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది.

"భిన్నాల కాడనే ఉన్నం వదినా."

"ఇంక ఆడనేనా? మావోనిది బుక్కే అయిపోవచ్చింది."

"మాది కష్టంగున్నది వదినా, కదుల్తలేదు," అన్నాను. నా గొంతులో అంత సంబరం ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు. ఆరోగ్యం బాగుందా అని అడిగి పెట్టేసింది.