రాణితో బాబాయి ఆడిన అబద్ధం

పక్కింటి బాబాయి పట్నం ఆసుపత్రిలో పోయాడని, స్టేషన్ నుంచి సైకిల్ మీద వచ్చిన కానిస్టేబులు మా వీధిలో చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ‘అయితే ఇక చెప్పడన్నమాట’ అనుకున్నాను. ఆ తర్వాత గోడ అవతల పిన్ని కేక వినిపించింది. అప్పుడు ఏడ్చాను.

బాబాయి మాకు చుట్టం కాదు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, అంతే. ఆయన పట్నంలో పోలీసు కుక్కల దళంలో పనిచేసేవాడు. రాణి అనే కుక్కకు ఆయనే తిండి పెట్టాలి, ఆయనే ఒళ్ళు దువ్వాలి, ఆయనే వాసన పట్టించాలి. ఇంకొకరు పెడితే అది అరకొరగానే తినేది. సెలవు దొరికితే బాబాయి ఒక్కడే బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు. పల్నాడులో ఎక్కడైనా ఖూనీయో దొంగతనమో జరిగితే మాత్రం రాణితో సహా జీపులో వచ్చేవాడు. మాచర్ల వైపు పోతూ మా వీధిలో జీపు ఆపించి, రాణికి నీళ్ళు పెట్టి, అది తాగాక తాను తాగేవాడు.

కేసు ఉన్న రోజు ఆయన వాసన సబ్బు రుద్దుకునేవాడు కాదు. తలకు నూనె రాసేవాడు కాదు. బీడీ జోలికి పోయేవాడు కాదు. “దాని ముక్కుకు నేను అడ్డం రాగూడదమ్మా” అనేవాడు. పిన్ని గుమ్మంలో నిలబడి దెప్పేది: “ఏనాడన్నా నా వంట బాగుందన్నాడా? ఆ కుక్కకు మాత్రం పూటకోసారి గుడ్డంట, గుడ్డు!”

బాబాయికి వచ్చిన ఇంగ్లీషంతా రాణితో మాట్లాడేదే. సిట్, స్టే, స్మెల్, నో, గుడ్. ఒకసారి వెల్దుర్తి దగ్గర ఒక పల్లెలో రాణి దొంగ దాచిన మూట పట్టిస్తే, ఈయన దాని మెడ నిమురుతూ “గుడ్, గుడ్” అన్నాడట. ఒక ముసలమ్మ గబగబా ఇంట్లోకి పోయి కోడిగుడ్డు తెచ్చి చేతిలో పెట్టింది. “పాపం, ఇందాకట్నించి ఇస్తానంటన్నావు గానీ ఇయ్యవేందయ్యా?” అందట. ఆ సంగతి చెబుతూ బాబాయి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వేవాడు.

మాటల మీద నాకు ప్రేమ పుట్టింది బాబాయి దగ్గరే. నేను కథల పుస్తకాల్లోని పెద్దపెద్ద మాటలు చదివి వినిపిస్తే ఆయన శ్రద్ధగా విని, “బాగుంది గానీ, ఇన్ని మాటలు చెబితే మా రాణి పారిపోద్ది” అనేవాడు. “సిట్ అంటే సిట్టే. ‘కాస్త కూర్చోరాదూ’ అంటే దానికేం తెలుసుద్ది?” అనేవాడు. ఒక మాటకు ఒకే అర్థం ఉండాలని, ఆ మాటను ఎప్పుడూ అదే గొంతుతో చెప్పాలని ఆయన పట్టుదల. నో అన్న మాటకైతే మరీ భయపడేవాడు. “తప్పు చేసినప్పుడే నో అనాల. ఒప్పు చేసినప్పుడు నో అన్నామనుకో, ఇంక దాని ముక్కు మీద దానికే నమ్మకం పోద్ది. అంతకంటే పాపం లేదు.”

పట్నం నుంచి వచ్చినప్పుడల్లా ఆదివారం పత్రికలు నా కోసం తెచ్చేవాడు. పదో తరగతి తర్వాత చదువు మాన్పిద్దామని అమ్మ అంటే, గోడ మీద నుంచే గట్టిగా కేకలేశాడు. ఈరోజు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే. అందుకే ఇక ముందు రాయబోయేది రాయడం ఇంత కష్టంగా ఉంది.

మా నాన్న బజారులో ఒక బట్టల కొట్లో గుమస్తాగా ఉండేవాడు. కొట్టు తాళాలు రెండు జతలు. ఒకటి యజమాని ఇంట్లో, ఒకటి నాన్న దగ్గర. నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు తెల్లారేసరికి కొట్లో పట్టుచీరలు పోయాయి. తాళం పగలలేదు. వెనక గదిలో ఎవరిదో తువ్వాలు పడి ఉంది. అందరూ నాన్న వైపే చూశారు. మధ్యాహ్నానికి జీపు వచ్చింది. అందులో బాబాయిని, రాణిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

కొట్లో పనిచేసేవాళ్ళను వరసగా నిలబెట్టారు. రాణి తువ్వాలు వాసన చూసింది. ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, నాన్న దగ్గర ఆగకుండా ముందుకు పోయింది. నేను జనంలో నిలబడి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రాణి వెనక గుమ్మంలోంచి సందులోకి, సందులోంచి పెద్దవీధిలోకి లాక్కుపోయింది. మేమంతా వెనకాలే పరిగెత్తాం. యజమాని బావమరిది ఇంటి గేటు ముందు అది కూర్చుంది.

వాసన అక్కడితో ఆగిపోతేనే రాణి కూర్చుంటుందని ఆ జనంలో ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నాకు చెప్పింది బాబాయే.

ఇన్‌స్పెక్టరు ఆ గేటు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. “ఏందయ్యా, నీ కుక్కకు దాహమైనట్టుందే. నీళ్ళు తాగించి మళ్ళీ మొదట్నించి పట్టించు” అన్నాడు.

 బాబాయి గొలుసు కొంచెం లాగి, రాణితో “నో” అన్నాడు.

రాణి ఆయన మొహంలోకి చూసింది. లేచి, గేటు దాకా పోయి వాసన చూసి వచ్చి, మళ్ళీ అక్కడే కూర్చుంది.

“నో” అన్నాడు బాబాయి మళ్ళీ. అదే గొంతు. తప్పు చేసినప్పుడు అనే గొంతు.

ఎండకు కుక్కకు ఒంట్లో బాగలేదనీ, అది చూపించిందేదీ లెక్కలోకి రాదనీ తేల్చారు. అంటే నాన్నను అది వదిలేసి పోవడం కూడా లెక్కలోకి రాకుండా పోయింది. రాణి మా నాన్నకు ఇచ్చిన ఒక్క సాక్ష్యాన్నీ బాబాయి రెండుసార్లు పలికిన ఒక్క మాట తుడిచేసింది. చీరలు దొరకలేదు. నేరం రుజువు కాలేదు. కానీ నాన్న కొలువు పోయింది, బజారులో ఇంకెవరూ పనివ్వలేదు. ‘తాళంచెవి గుమస్తా’ అని పేరు మాత్రం మిగిలింది. విజయపురి సౌత్ బస్టాండు దగ్గర మా పెదనాన్న హోటల్లో పనికి కుదిరి, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. నేను చూసింది చూసినట్టు నాన్నకు చెప్పాను. “కుక్క కూర్చుందని మనమంటే ఎవరింటారమ్మా? కూర్చుందని ఆయన చెప్పాల” అన్నాడు.

చెబుతాడనే అనుకున్నాను. బాబాయి వచ్చిన ప్రతిసారీ గోడ దగ్గర నిలబడేదాన్ని. పత్రికలు అందించేవాడు. పరీక్షలు ఎట్టా రాశావని అడిగేవాడు. ఒకరోజు నేనే అడిగేశాను.

“బాబాయ్, ఆ రోజు రాణి కూర్చుంది గదా?”

“దానికి ఒంట్లో బాగలేదమ్మా. ఎండకు ముక్కు పనిచెయ్యలా.”

“రెండోసారి గూడా అక్కడే కూర్చుంది గదా?”

ఆయన లుంగీ అంచు సర్దుకున్నాడు. “నీకు కాలేజీకి టైం గాలా?” అన్నాడు.

నాన్న విషయంలో భయపడ్డాడంటే అర్థం చేసుకోగలను. పై అధికారి పక్కన నిలబడి ఉంటే మామూలు కానిస్టేబులు ఏం చేస్తాడు? కానీ నాకు మాటల విలువ నేర్పిన మనిషి, గోడకు ఇవతల నేనొక్కదాన్నే ఉన్నప్పుడు కూడా, నోరులేని రాణి మీదికి తప్పు తోసేశాడు. అది నాకు మింగుడు పడలేదు. నేను నమ్మింది ఆయన ధైర్యాన్ని కాదు, ఆయన మాటను.

తర్వాత ఒక పండగ రోజు మా కాలేజీ మైదానంలో పోలీసులు కుక్కల ప్రదర్శన పెట్టారు. చేతి రుమాలు దాచిన మనిషిని రాణి కనిపెట్టాలి. సరైన మనిషి ముందే ఆగింది, కానీ కూర్చోలేదు. వెనక్కి తిరిగి బాబాయి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. “గుడ్, గుడ్” అన్నాడాయన. అది కదల్లేదు. “గుడ్, గుడ్” అని బతిమాలుతున్నట్టుగా అన్నాడు. “ఊరికే అంటావేందయ్యా, గుడ్డు పెట్టు!” అని ఎవరో అరిస్తే మైదానమంతా నవ్వింది. నేను నవ్వలేదు. బాబాయీ నవ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు రాణిని పనిలోంచి తీసేశారు. అది ఏమైందో ఆయన చెప్పలేదు. పిన్ని మాత్రం, “అన్నం ముందు కూర్చుని లేచిపోతన్నాడే” అని అమ్మతో అనేది. కామెర్లు ముదిరి పట్నం ఆసుపత్రిలో చేరేదాకా, ఒంట్లో బాగలేదని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

శవాన్ని పోలీసు వ్యానులో ఇంటికి తెచ్చారు. పిల్లలు లేరు. పిన్ని అన్నకొడుకు నిప్పుకుండ పట్టుకున్నాడు. పాడె ఎత్తడానికి దళంలోని ఇద్దరు, పిన్ని తమ్ముడు వంగారు. నాలుగో మూల ఎవరో పెద్దాయన పట్టబోయి తూలాడు. అప్పుడే బస్సు దిగి వచ్చిన నాన్న, సంచి అరుగు మీద పెట్టి, తువ్వాలు మడిచి కుడి భుజం మీద వేసుకున్నాడు.

నేను అడ్డం పోయాను. “నువ్వెందుకు నాన్నా? ఆయన మనకేం జేశాడని?”

“జరుగు తల్లీ. మూడు భుజాల మీదే ఉందది” అన్నాడు నాన్న.

జరిగాను.

ఆడవాళ్ళు వీధి మలుపు దగ్గర ఆగిపోయారు. నేను ఆగలేదు. అడ్డసందులోంచి పోయి బజారులో గ్రంథాలయం వరండా ఎక్కాను. ఎదురుగా ఆ బట్టల కొట్టు. డప్పులు దగ్గరవుతుంటే బజారు వాళ్ళంతా షట్టర్లు సగానికి దించి బయటికి వచ్చారు. యజమాని, ఆయన బావమరిది మెట్లు దిగి, చెప్పులు విడిచి నిలబడ్డారు. నాన్న ఆ రోడ్డున నడవక చాలా కాలమైంది. ముందు ఎడమ మూల ఆయనదే. పాడె బొంగు కుడి భుజాన ఆనడంతో మెడ ఎడమకు ఒరిగి, మొహం తిన్నగా కొట్టు వైపే తిరిగి ఉంది.

బజారంతా చేతులు జోడించింది. దణ్ణం శవానికే. కానీ దాని కింద నడుస్తున్నది మా నాన్న. బావమరిది పాడె వైపు చూడబోయి, నాన్న మొహం కనిపించి, తల దించుకున్నాడు. జోడించిన చేతులు మాత్రం దించడానికి వీల్లేదు. నాన్న తొందరపడలేదు. మిగతా ముగ్గురి అడుగులో అడుగు వేస్తూ, ఆ చేతుల ముందు నుంచి నెమ్మదిగా సాగిపోయాడు.