పెన్ను బావ నడుము కొలత

మా బావ టైలరు. వీధిలో అందరూ ఆయన్ని పెన్ను బావ అంటారు. నాకైతే అక్క మొగుడు కాబట్టి బావ. వాళ్లందరికీ ఎలా బావయ్యాడో నాకిప్పటికీ తెలీదు.

పొద్దున్నే షట్టరు ఎత్తగానే కటింగ్ బల్ల మీద పేపరు పరిచి, సుడోకు పేజీ తీసి, చెవి మీది పెన్నుతో టకటకా అంకెలు నింపేస్తాడు. ఆలోచించడం అనేది ఆ తర్వాత, ఎప్పుడైనా తీరిక దొరికితే. ఆ ఆటలో ఉన్న నియమం చిన్నదే. ఖాళీ గడుల్లో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు నింపాలి, కానీ అడ్డ వరుసలో గానీ, నిలువు వరుసలో గానీ, తొమ్మిది గడుల చిన్న చదరంలో గానీ ఒకే అంకె రెండుసార్లు రాకూడదు. అంతే. ఆ అంతే దగ్గరే బావ జారిపడతాడు. పది రోజుల్లో ఎనిమిది రోజులు, చివరికొచ్చేసరికి ఒకే వరుసలో రెండు ఏడులు కూర్చుని ఆయన్ని చూసి పళ్లికిలిస్తాయి.

"ప్రింటు తప్పు" అంటాడు బావ.

ఊరికే అనడు, పేపరాఫీసుకు ఫోను కూడా చేస్తాడు. అక్కడ ఫోనెత్తే అమ్మాయికి ఆయన గొంతు బాగా అలవాటైపోయింది. "చెప్పండి బాబాయ్ గారూ, ఇవాళ ఏడా, తొమ్మిదా?" అని తనే అడుగుతుంది.

మా అక్కది వెనక గది. ఇరవై రెండేళ్లుగా బావ కోసిచ్చిన గుడ్డ మిషను మీద కుట్టడం, కాజాలు తియ్యడం, అంచులు మడవడం. మధ్యాహ్నం పక్క సెలూన్ ఆయన పేపరు తెచ్చుకుని అదే సుడోకు పెన్సిల్‌తో చేస్తుంది. ఒక్కో గడిలో ఏయే అంకెలు రావచ్చో అన్నీ మూలల్లో ఆవగింజంత రాసుకుంటుంది. పక్కన ఏదైనా ఖాయమైతే ఇక్కడ దాన్ని రబ్బరుతో తుడిచేస్తుంది. తుడవగా తుడవగా ఒక్కటే మిగిలితే, అప్పుడు పెద్దగా రాస్తుంది.

"ఏంటే ఆ చీమల సంత?" అని బావ రోజూ ఎగతాళి.

అక్క పట్టించుకునేది కాదు. ఆవిడ మనసంతా కత్తెర మీదుండేది. కుట్టడం కాదు, కొయ్యడం కావాలి ఆవిడకి. ఒకరోజు అడిగేసింది.

"ఇకనుంచి కటింగ్ నేనూ చేస్తానండీ."

"నీ వల్ల కాదే. కటింగంటే ఒక్క వేటు. నీలాగ రబ్బరు పట్టుకుని కూర్చుంటే గుడ్డ అతుక్కుంటుందా?"

"మీరు చాక్ గీత గియ్యకుండా ఎప్పుడైనా కత్తెర పెట్టారా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"కస్టమరొచ్చాడు చూడు" అన్నాడు బావ. గుమ్మంలో పిల్లి కూడా లేదు.

చివరికి పందెం వేసుకున్నారు. ఆదివారం పెద్ద సుడోకు. అక్క ముందు ముగిస్తే కత్తెర అక్కది. బావ ముగిస్తే ఆ ఊసు మళ్లీ ఎత్తకూడదు.

బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. తీర్పరి సెలూన్ ఆయన. ఆయన వెనకే సగం గడ్డానికి నురగతో ఒక కస్టమరు కూడా వచ్చి నిలబడ్డాడు.

పావుగంటలో బావ సగం నింపేశాడు. అక్క కాగితం మీద పెద్ద అంకె ఒక్కటీ లేదు, అన్నీ చీమలే.

"నువ్వు ఇంకా సంతలోనే ఉన్నావా?" అన్నాడు బావ.

"అక్కడ మూడు పెట్టండి సార్" అన్నాడు నురగాయన.

"నువ్వు ముందు గడ్డం చేయించుకో నాయనా!"

అక్క ఒక అడ్డ వరుస దగ్గర ఆగింది. అందులో రెండు గడుల్లో నాలుగు, ఎనిమిది తప్ప ఇంకేం మిగల్లేదు. ఏది ఎందులోనో తెలీదు. కానీ ఆ రెండూ ఆ రెండింట్లోనే ఉండాలిగా! అంటే ఆ వరుసలో మిగతా చోట్ల నాలుగూ, ఎనిమిదీ తీసెయ్యొచ్చు. తుడిచింది. ఒక గడిలో మూడు ఒక్కటే మిగిలింది. ఆ మూడు పెద్దగా రాసిందో లేదో, ఒక చోట కుట్టు తెగితే దారం సరసరా ఊడొచ్చినట్టు మిగతావన్నీ వరసగా వచ్చేశాయి.

"అయిపోయింది" అంది అక్క.

బావ ముందు రెండు ఏడులు కూర్చునున్నాయి.

"ప్రింటు తప్పు."

సెలూన్ ఆయన రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. "చెల్లెమ్మ దాంట్లో తప్పేం లేదే. మీ ఒక్కరికే స్పెషల్‌గా వేశారా?"

బావ ఫోను తీశాడు. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత కత్తెర తుడిచి, పిడి అక్క వైపు తిప్పి ఇచ్చాడు. అలమారలోంచి తన కోసం దాచుకున్న కాఫీ రంగు ప్యాంటు గుడ్డ కూడా తీశాడు.

"ముందు నాది కొయ్యి. పాడైతే తిట్టడానికి నేనొక్కణ్ణే ఉంటా."

అక్క కొలతల పుస్తకం తెరిచింది. "నడుమెంత?"

"ముప్పై ఆరు." పెన్నుతో రాసినంత ధీమాగా చెప్పాడు. ఏళ్ల తరబడి అదే కొలతకి కుట్టించుకుంటున్నాడు. పై గుండీ పట్టదు, బెల్టు దాని పరువు కాపాడుతుంటుంది.

అక్క పెన్సిల్‌తో చిన్నగా మూడంకెలు వేసింది. ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, నలభై.

"నేను చెప్తున్నా కదే!"

"రావచ్చనిపించినవన్నీ రాశానండీ. చేతులెత్తండి."

టేపు చుట్టింది. ముప్పై ఆరు తుడిచేసింది. బావ పొట్ట లోపలికి లాగాడు.

"ఊపిరి వదలండి."

ఎంతసేపు బిగబడతాడు పాపం, వదిలాడు. ముప్పై ఎనిమిది కూడా తుడిచేసి, మిగిలినదాన్ని పెద్దగా రాసింది. నురగాయన నవ్వలేక, ఆపుకోలేక సెలూన్‌లోకి పరిగెత్తాడు.

అక్క చాక్‌తో గీసింది, ఒకచోట చెరిపి మళ్లీ గీసింది. కత్తెర పెట్టాక మాత్రం చెయ్యి ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు కటింగ్ బల్ల అక్కది. బావ వెనక మిషను మీద కూర్చుని, కాఫీ రంగు ప్యాంటు పై గుండీ కూడా పెట్టుకుని కాజాలు తీస్తున్నాడు. పెన్ను చెవి మీదే ఉంది. కానీ అక్క రబ్బరు మాత్రం ఈమధ్య తరచూ కనబడకుండా పోతోంది.

మొన్న పేపరాఫీసు అమ్మాయే ఫోను చేసింది. "బాబాయ్ గారూ, పది రోజులైంది మీ ఫోను లేక. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా" అన్నాడు బావ. "నడుమే, నలభై."