దూడల దాణాలో ఉప్పుచేపలు

ఆ రోజుల్లో చవకగా పని జరిపించడమే తెలివనుకునేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, నౌపడ దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. అత్త ఎండు చేపలు అమ్ముకునేది. ఒంటరి మనిషైనా, నా మాట నమ్మి మూడు పెయ్యదూడల్ని కొంది. నేను మూడు రోజుల పశుపోషణ శిక్షణకు వెళ్లొచ్చాను మరి (మూడో రోజు భోజనం బాగుండి, మధ్యాహ్నం క్లాసంతా నిద్రపోయానని అత్తకు చెప్పలేదు).

దాణా ఇంట్లో కలుపుకుంటే ఖర్చు తగ్గుతుందని అక్కడ చెప్పారు. మొక్కజొన్న నూక, తవుడు తెచ్చాం. వేరుశనగ చెక్క ధర వినగానే అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెక్క తగ్గించి చేపల పొడి వేయొచ్చని నా నోటుబుక్కులో ఉంది. చేపలా? మా పెరటి నిండా చేపలే!

"కొనడమెందుకత్తా? మన ఎండు సేపలు దంచి కలిపేద్దాం."

"ఒలే, దూడలు సేపలు తింటాయేటే?"

"తింటాయి. పుస్తకంలో ఉన్నాది."

పుస్తకం అనేసరికి అత్త రోలు కడిగింది. దూడలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. నేను ఊరుకుంటానా? బెల్లం కలిపాను, తినేశాయి. నాలుగు రోజులు వీధిలో వాళ్లకి దాణా మీద ఉపన్యాసాలు ఇచ్చాను. ఎండాకాలం, బోరు పాడైంది, నీళ్లు తొట్టిలో సగమే పోసేదాన్ని. అయిదో రోజు పొద్దున దూడలు ఖాళీ తొట్టి నాకుతున్నాయి. ఒకటి తూలుకుంటూ వెళ్లి గోడను గుద్దుకుంది. నాకు నవ్వొచ్చింది (ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది). మరుక్షణం అది పడిపోయి కాళ్లు కొట్టుకుంది.

పశువుల డాక్టరుగారు వచ్చి, దాణా చిటికెడు నాలిక మీద వేసుకుని ఉమ్మేశారు. "ఇది దాణా కాదమ్మా, ఊరగాయ! వెయ్యాల్సింది ఉప్పు లేని చేపల పొడి." ఉప్పెక్కువై నీళ్లు చాలక ఇలా అయిందని, ఇప్పుడు నీళ్లు ఒక్కసారిగా తాగితే ప్రాణానికే ముప్పని, కొంచెం కొంచెంగా పట్టమని చెప్పి మందులిచ్చారు. ఆ పగలంతా చెంబుతో కూర్చున్నాం. దూడలు అరుస్తూ మా చేతులు నాకేవి.

"ఇంకో సెంబు పొయ్యనియ్యే, సూడలేకపోతన్నాను," అని అత్త బతిమాలింది.

"వద్దన్నారత్తా," అంటూ నేను ఏడ్చాను. సాయంత్రానికి రెండు లేచి నిలబడ్డాయి. అన్నిటికన్నా చిన్నది అత్త ఒడిలో తల పెట్టి, మళ్లీ ఎత్తలేదు.

జనం పోగయ్యారు. నేను వంటింట్లో తలుపు వెనక నక్కి, నా పేరు ఎప్పుడు బయటపడుతుందా అని చెవులు రిక్కించి వింటున్నాను.

"ఏటయ్యిందే?" అని ఎవరో అడిగారు.

"నాదే తప్పు," అంది అత్త. "ఈసారి సేపలకి ఉప్పెక్కువ పట్టించేసినాను. పిల్లకేటి తెలుస్తాది?"

అత్త చేపలకి చుట్టుపక్కల ఊళ్లలో పేరుండేది. తర్వాతి సంతలో ఒకావిడ గంపలోకి తొంగిచూసి, "దూడని సంపిన సేపలివేనా?" అంది. అత్త నవ్వేసి, "నీకు ఉప్పు తక్కువవి ఏరి ఇస్తాన్లే అమ్మా," అంది. ఆవిడ కొనకుండానే వెళ్లిపోయింది. పక్కనే ఉన్న నేను తల వంచుకుని, సర్దిన చేపల్నే మళ్లీ సర్దాను. ఇప్పుడా పిల్ల, అంటే అప్పటి నేను, ఎదురైతే గట్టిగా నాలుగు తిట్టాలనే ఉంటుంది. కానీ ఎంత శ్రద్ధగా సర్దుతోందో చూసి, నవ్వొచ్చి, ఊరుకుంటానేమో.