రాణి ఒంటిపూట

కొత్తపేటలో పెళ్ళి ఊరేగింపులకి రాణి అనే గుర్రాన్ని తిప్పే గంగబాబు, దానికి లాడాలు కొట్టించడు. లంక ఇసకలో తిరిగే గిట్టలకి ఇనుమెందుకంటాడు. రోజూ దాని గిట్టలెత్తి, మట్టి తుడిచేకే కాఫీ తాగుతాడు. ఈమధ్య రాణి దాణా వాసన చూసి మొహం తిప్పేసుకుంటోంది. కడుపులో పుండ్లన్నారు పశువుల డాక్టరుగారు.

"ఉలవలు తగ్గించండి. ఎండుగడ్డి ఎప్పుడూ దాని ముందుండాలి. పస్తు గానీ పెడుతున్నారా?"

"ఆయ్, శనివారాలేనండి. దాని కడుపు బాగవ్వాలని వాడపల్లి వెంకన్నబాబుకి ఏడు శనివారాలు మొక్కేనండి. నాతోపాటు దానికీ ఒంటిపూటే."

డాక్టరుగారు నవ్వలేదు. "దాని కడుపు ఖాళీగా ఉంటే పుండు పెరుగుద్దండి."

ఆ శనివారం రాణి ముందు రోజంతా గడ్డి ఉంది. ఆదివారం సాయంత్రం భార్య సత్యదుర్గ కోడికూర వడ్డించబోతే గంగబాబు కంచం పక్కకి జరిపేడు.

"నిన్న నా ఒంటిపూట అయిపోయింది. ఇవాళ రాణిది ఉంటున్నాను."